ఎడమ మడ్‌గార్డు మీది ఆకుపచ్చ మచ్చ

మా సంఘంలోని యువజనులు ఈ మధ్య ఆరాధన అయ్యాక నన్ను ఆపి, "అంకుల్, మీ ఉద్యోగంలో జరిగింది ఏదైనా ఒకటి రాసివ్వండి" అన్నారు. అడిగినందుకు సంతోషమే గానీ, నా పనిని ఉద్యోగమని ఒప్పుకున్న మొదటి మనుషులు వీళ్లే. భిలాయిలో ఉద్యోగమంటే ఉక్కు ప్లాంటు. ప్లాంటు కాకపోతే రైల్వే. మా తాతా నాన్నా రైల్వేలోనే చేశారు. నేను ఆ రెండింటికీ చెందకుండా, పవర్ హౌస్ స్టేషనుకు కాస్త ఎగువన ఒక రేకుల షెడ్డులో పాత కార్ల బాడీలు బాగుచేస్తూ బతికాను. ముప్పై ఏళ్లు సుత్తి పట్టిన చేత్తోనే ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పాను. ఈ రెండు పనుల్లో ఏది నాకు దేవుణ్ణి ఎక్కువ నేర్పిందని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పలేను.

తొంభైల మొదట్లో ఊళ్లోకి కొత్త చిన్న కార్లు బాగా వచ్చేశాయి. పాతవాటిని జనం పక్కన పెట్టేస్తుంటే, ఆ పాతవాటి కోసమే వెతుక్కుంటూ నాగపూర్ నుంచీ కలకత్తా నుంచీ మనుషులు మా దగ్గరికి రావడం మొదలైంది. వాళ్లకి భిలాయి ఒక గని. ప్లాంటు కడుతున్న రోజుల్లో వచ్చిన ఇంజనీర్లూ ఫోర్‌మన్లూ కొనుక్కున్న కార్లు సెక్టార్లలో క్వార్టర్ల పక్కన రేకుల కింద నిలబడి ఉండేవి. ఇనుము పనిచేసే ఊరు కదా, తుప్పుని చూస్తే ఎవరికీ నిద్రపట్టదు. అందుకని ఇక్కడి కార్లు మిగతా ఊళ్లవాటికంటే ఆరోగ్యంగా ఉండేవి. మేం వాటిని నడిచేలా చేసి, ఇష్టపడి వచ్చినవాళ్లకి అప్పగించేవాళ్లం.

షెడ్డు మాలిక్, అంటే యజమాని, పంజాబీ. ఆయన తండ్రి కట్టుబడి రోజుల్లో లారీతో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాలిక్ క్యాంప్ 1లో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల మధ్య పెరిగాడు కాబట్టి తెలుగు మనకంటే వేగంగా మాట్లాడేవాడు. మేమందరం ఆయన్ని భయ్యా అనేవాళ్లం. బాడీ పని నాది. రంగు పని ఒక పెద్దాయనది. ప్లాంటులో యంత్రాలకి రంగులు వేసి రిటైరయ్యాక మా దగ్గర చేరాడు. నన్ను అల్లుడనేవాడు, నేను మావా అనేవాణ్ణి. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, మతం ఒకటి కాదు. ఒకే టిఫిను డబ్బా మూతలో ఊరగాయ పంచుకునేవాళ్లం, అంతే. ఎలాంటి పాత రంగునైనా కంటితో చూసి డబ్బాలో కలిపేసేవాడు. ఆయన అతుకు వేసిన చోటు ఆయనకే మళ్లీ దొరికేది కాదు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్నప్పుడు ఒక ల్యాండ్‌మాస్టర్ వచ్చింది. యాభైల నాటి బండి. గుండ్రటి బానెట్టు, స్టీరింగు పక్కనే గేరు కర్ర, ముందు కూడా బెంచీలాంటి సీటు. బూడిదరంగు వెలిసి, ఎండలో ఆరేసిన పాత పంచెలా ఉంది. దాని యజమానురాలు ప్లాంటు బడిలో పనిచేసి రిటైరైన టీచరమ్మ. భర్త రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. ఆయన పోయాక క్వార్టరులో ఉండనిచ్చిన గడువు ఆ బుధవారంతో అయిపోతుంది. ఆమె విజయనగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. కారుకి అక్కడ చోటు లేదు. తుక్కు కొనే కబాడీవాడు అప్పటికే ఒకసారి వచ్చి బానెట్టుని వేళ్లతో టకటకా కొట్టి చూసి వెళ్లాడు. "పుచ్చకాయని కొట్టినట్టు కొట్టేడు బాబూ. అయ్యగారి బండిని అలగ ముక్కలు చెయ్యనివ్వలేను" అందామె మాలిక్‌తో.

మాలిక్ నాగపూర్‌లో ఒక పెద్దమనిషికి కబురుపెట్టాడు. పాత కార్లంటే ప్రాణం పెట్టే మనిషి. వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ ముందు మడ్‌గార్డు దగ్గర మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. అక్కడ అరచెయ్యంత మేర ఆకుపచ్చ రంగు ఉంది. ప్లాంటులో యంత్రాలకి వేసే ఆకుపచ్చ. కుంచెతో వేసింది. కుంచె వెంట్రుకల చారలు అందులో ఎండిపోయి అలాగే ఉన్నాయి.

ఆయన లేచి మా అందరికీ వినపడేలా హిందీలో చెప్పాడు. ఇంజను నడవాలి, బ్రేకులు పట్టాలి, బాడీ మీద మాత్రం తుడవడం తప్ప ఏమీ చెయ్యొద్దు. ముఖ్యంగా ఈ మచ్చ జోలికి పోవద్దు. "రంగు మళ్లీ వేసిన బళ్లు ఎన్నైనా దొరుకుతాయి. పుట్టినప్పటి రంగుతో ఉన్న బండికి ఒకసారి రంగు వేస్తే మళ్లీ పుట్టించలేం. ముట్టుకున్నారంటే నాకొద్దు." విశ్వకర్మ పూజ అయిన మర్నాడు, మంగళవారం పొద్దున్న వచ్చి తీసుకెళ్తానన్నాడు.

ఆయన వెళ్లాక మావ కారు చుట్టూ తిరిగి, "నా చేతికి పనిలేని బండి ఇదే చూడ్డం" అన్నాడు.

"రెస్టు తీసుకో మావా."

"రెస్టు మీ దేవుడు ఇస్తాడురా, వారం వారం. మా విశ్వకర్మ ఏడాదికొక్క రోజే ఇస్తాడు."

ఆ ఒక్క రోజు గురించి కొత్తవాళ్లకి చెప్పాలి. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వస్తే భిలాయి భిలాయిలా ఉండదు. ప్లాంటు లోపలికి కుటుంబాల్ని రానిస్తారు, యంత్రాలకి దండలు వేస్తారు. పూజకి ముందు వారమంతా ఊళ్లో ఇనుమన్నది కనిపిస్తే దానికి రంగు పడాల్సిందే. మా షెడ్డులో జాకీకి, కంప్రెసర్‌కి, ఆఖరికి వాననీళ్ల డ్రమ్ముకి కూడా ఏటా కొత్త రంగే. పూజనాడు పనిముట్లన్నీ ఎర్రగుడ్డ మీద పరిచి బొట్లు పెడతారు. ఇక ఆ రోజు ఎవరూ వాటిని ఎత్తకూడదు.

నేను పూజలో నిలబడేవాణ్ణి కాను. ప్రసాదం విషయంలో నా మనస్సాక్షి ఏమిటో మాలిక్‌కి తెలుసు. అందుకని ఆయన పూజకి ముందే నా వాటా బూందీ ఒక పొట్లంలో కట్టి గూట్లో పెట్టేవాడు. "ఇది ఇంకా ఏ దేవుడి దగ్గరికీ వెళ్లలేదు భాయ్, ఉత్త మిఠాయి" అని ఇచ్చేవాడు. అంత మర్యాద చేసే మనిషి దగ్గర పనిచెయ్యడం దేవుడి కృప కాక మరేమిటి.

ఆ ఏడు పూజ సోమవారం వచ్చింది. ముందురోజు ఆదివారం. నేను ఆరాధనకి వెళ్లాను, పిల్లలకి పాఠం చెప్పాను, షెడ్డు వైపు చూడలేదు. సోమవారం పొద్దున్న పొట్లం తీసుకుందామని వెళ్తే గేటు దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. ల్యాండ్‌మాస్టర్ మెడలో బంతిపూల దండ ఉంది. బానెట్టు మీద పసుపూ కుంకుమా ఉన్నాయి. ఎడమ మడ్‌గార్డు మిగతా కారు రంగులోనే, అదే వెలిసిన బూడిదరంగులో, నున్నగా ఉంది. ఆకుపచ్చ లేదు.

మావ కొత్త చొక్కా వేసుకుని పక్కనే నిలబడ్డాడు. "ఎలగుంది అల్లుడూ? వెలిసిన రంగు కలపడం ఎంత కష్టమో నీకు తెలుసునా? కొత్తరంగు ఎవడైనా వేస్తాడు. నాను పాతరంగే వేసేను."

"మావా, ఆయన ముట్టుకోవద్దన్నాడు కదా."

"అన్నాడు."

"నువ్వు విన్నావు కదా."

"విన్నాను. మొహమాటానికి అన్నాడనుకున్నాను. మనింటికొచ్చిన మనిసి చాలు చాలంటాడు. చాలన్నాడని వడ్డించడం మానేస్తామేటి? పండగపూట ఆయన బండి ఒక్కటీ మాసికతో నిలబడితే ఆయనకి నామోషీ, మనకీ నామోషీ."

నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆయన చెప్పింది మా క్యాంపు మనుషులు ఎవరైనా చెప్పేదే. మా ఇళ్లలో వద్దన్న మాటకి ఒక్క అర్థమే ఉంటుంది, ఇంకొంచెం వెయ్యమని. ఆ మాటని ఉన్నదున్నట్టు తీసుకునే మనుషులు కూడా ఉంటారని మావ తన జీవితంలో ఎప్పుడూ చూడలేదు.

మాలిక్ వచ్చి చూసి, దండలు కడుతున్న తాడు పట్టుకునే కూలబడ్డాడు. రేపు పొద్దున్న ఆయన వస్తాడు. చూస్తాడు, వెళ్లిపోతాడు. ఎల్లుండి టీచరమ్మ క్వార్టరు తాళాలు అప్పజెప్పాలి. కబాడీవాడు పిలిస్తే చాలు, పరిగెత్తుకొస్తాడు. ఇదంతా మేం ముగ్గురం పైకి అనుకోలేదు. అనుకోవాల్సిన పనీ లేదు.

కాసేపటికి మాలిక్ గొంతు తగ్గించి, "అతుకు ఎవడికీ కనపడదు. ఆ మచ్చ పాతది, తుడుస్తుంటే దానంతటదే రాలిపోయిందందాం" అన్నాడు.

"నేను అనను భయ్యా" అన్నాను.

"నాను కూడా అనను" అన్నాడు మావ. అప్పటికి ఆయన ముఖంలో రంగు పోయింది. "నా పని నాను రాలిపోయిందని ఎలగ చెప్తాను?"

నేను మడ్‌గార్డుని వేలితో తాకి చూశాను. వానాకాలపు గాలి, నిన్న వేసిన ఇనామిల్. పైన ఆరినట్టుంది గానీ గోరు పెడితే దిగుతోంది. కింద ఉన్న అసలు రంగు వేరే రకం. దానికి థిన్నర్ తగిలితే కరిగిపోతుంది, టర్పెంటైనుకి మాత్రం చలించదు. ఆ ఆకుపచ్చ మచ్చ ఎన్నో ఏళ్ల కిందట గట్టిపడింది. ఇవాళే టర్పెంటైనుతో మెల్లగా రుద్దితే పైపొర ఒక్కటే లేస్తుంది. రేపటికి బిగుసుకుంటే ఇక గీకాలి, గీకితే కిందది కూడా వచ్చేస్తుంది.

చెప్పాను. మాలిక్ ఎర్రగుడ్డ మీది పనిముట్ల వైపు చూశాడు. "ఇవాళ?"

"మీకు ఇవాళ పని కూడదు. నాకు నిన్న కూడదు. ఇవాళ నాకు అడ్డేం లేదు."

"షెడ్డులో పని జరక్కూడదు భాయ్. ఎవరు చేసినా." ఆ గొంతులో విసుగు లేదు, భయం ఉంది. నమ్మకం ఉన్న మనిషి భయాన్ని నేను గుర్తుపడతాను. దానితో వాదించకూడదు.

"అయితే బయట పెడదాం."

అలా పూజ దండతోనే ఆ కారుని అందరం కలిసి గేటు దాటించి, రోడ్డు పక్క రేగుపొద దగ్గర నిలబెట్టాం. తొయ్యడానికి పనిముట్టు అక్కర్లేదు. నేను పాత బనీను చింపి, టర్పెంటైనులో ముంచి మొదలుపెట్టాను. లోపల గంట మోగుతోంది, ధూపం పొగ గేటు దాటి వస్తోంది. నేను నాలో నేను ప్రార్థన చేసుకుంటూ రుద్దుతున్నాను. ఒక్కోసారి ఆ గంట నా ప్రార్థనకే మోగుతున్నట్టు అనిపించింది. దేవుడు నన్ను క్షమించాలి, లేదా నవ్వుకోవాలి.

పూజ అయ్యాక మావ వచ్చి గేటు గీత దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, "భయ్యా, గుడ్డ పనిముట్టేటి?" అని అడిగాడు.

మాలిక్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "గుడ్డ గుడ్డే" అన్నాడు.

"చెయ్యి?"

"చెయ్యి విశ్వకర్మ ఇచ్చింది. దానికి సెలవు రాయలేదు."

మావ కొత్త చొక్కా విప్పి గేటుకి తగిలించి వచ్చాడు. "నువ్వు అడ్డదిడ్డంగా రుద్దుతున్నావురా. మచ్చ అంచు ఇక్కడ కాదు" అని కళ్లు మూసుకుని వేలికొసలతో తడిమాడు. "ఇదిగో. ఇక్కడ కుంచె ఎత్తేడు ఆయన. చెయ్యి పెడితే తెలుస్తాది."

"అంచులకి ఎమరీ పేపరు కొట్టేవా మావా?"

"కొట్టేను. రేకు దాకా. మధ్యలోకి వచ్చేసరికి పువ్వులవాడు పిలిచేడు." గుడ్డ మళ్లీ టర్పెంటైనులో ముంచి, "ఆ పువ్వులవాడికి దణ్ణం పెట్టాలి" అన్నాడు.

మేం రుద్దుతుండగా నాకు ఎన్నాళ్లనుంచో తెలియని ఒక సంగతి మెదిలింది. మృతుల్లోంచి లేచిన ప్రభువు దేహానికి గాయాల గుర్తులు అలాగే ఉన్నాయని మా పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. ఎందుకు ఉన్నాయని ఒక పిల్ల అడిగితే, నమ్మనివాళ్ల కోసమని చెప్పి దాటేశాను. సమాధినే తెరిచినవాడికి ఆ గుర్తుల్ని చెరపడం కష్టమా? అవి చెరిగిపోతే ఆయన వేరే ఎవరో అయ్యేవాడు. నేను అప్పటిదాకా గాయాల్ని మూసే పనిలోనే ఉన్నాను, అదే బాగుచెయ్యడం అనుకున్నాను. ఆ రోజు రోడ్డు పక్కన కూర్చుని మొదటిసారి ఒక గాయాన్ని తిరిగి పైకి తీస్తున్నాను.

ప్రసాదానికని వచ్చిన టీచరమ్మ మమ్మల్ని చూసి ఆగింది. మావ లేచి చేతులు కట్టుకుని అంతా చెప్పాడు. తప్పు చేసిన పిల్లాడు బడిలో చెప్పినట్టే చెప్పాడు. ఆమె వంగి చూసింది. అప్పటికి బూడిదరంగు కిందనుంచి ఆకుపచ్చ సగం పైకి వచ్చింది.

"ఇది కప్పడానికి మీరు కష్టపడ్డారా? నాను ఎన్నేళ్లు ప్రార్థించేనో ఇది కనపడకుండా పోవాలని" అంది నవ్వుతూ. "ఆయన నాకు బండి నేర్పేరు. మొదటి వారమే మా గేటు స్తంభానికి రాసేసేను. ఎవరికీ తెలియకూడదని ఆయన ఇంటిదగ్గరే కుంచెతో అద్దేసేరు. అద్దినది ఆకుపచ్చ. కాలనీ అంతా దూరంనుంచే చూసి 'టీచరమ్మ కొట్టింది' అనేవారు. బూడిదరంగు దొరకలేదా అంటే, డబ్బాలో ఉన్నది ఇదే అన్నారు. ఆ తర్వాత నాను స్టీరింగు పట్టలేదు."

"మరి ఉంచమంటారా, తీసేయమంటారా?" అని అడిగాడు మావ, గుడ్డ చేత్తో పట్టుకుని.

ఆమె ఆ ఆకుపచ్చ మీద వేలు ఆనించింది. "ఉండనీ. అది ఆయన చెయ్యి కదా" అంది.

పొద్దు వాలేసరికి మచ్చ మొత్తం బయటికొచ్చింది. కానీ దాని చుట్టూ మావ పేపరు కొట్టిన చోట పాతరంగు పోయి, రేకు తెల్లగా మెరుస్తూ ఒక వలయంలా మిగిలింది. దాన్ని ఏం చేసినా అది కొత్తపనే అవుతుంది. అలాగే వదిలేసి, చీకటిపడే ముందు కారుని మళ్లీ గేటు లోపలికి తోసి పెట్టాం.

మంగళవారం పొద్దున్న నాగపూర్ ఆయన వచ్చాడు. టీచరమ్మ కాగితాలు తీసుకుని వచ్చి కూర్చుంది. మాలిక్ టీ చెప్పబోతే ఆయన వద్దని నేరుగా మడ్‌గార్డు దగ్గరికి వెళ్లాడు. వలయాన్ని బొటనవేలితో తడిమి, "ఇది మొన్న లేదు" అన్నాడు.

మావ ముందుకొచ్చి తనకొచ్చిన హిందీలో చెప్పాడు. ఒక్క మాట దాచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. విన్నంతసేపూ ఆయన ముఖం బిగుసుకునే ఉంది. "నేను చెప్పాను కదా, ముట్టుకుంటే వద్దని" అన్నాడు. టీచరమ్మ ఒళ్లో కాగితాలు మడతపెట్టుకుంది. నాకు కబాడీవాడి వేళ్ల చప్పుడు వినిపించింది.

"మళ్లీ పైకి తీసింది ఎవరు?"

"నానూ, వీడూ."

"ఎప్పుడు?"

"నిన్న."

ఆయన తలెత్తి షెడ్డులోకి చూశాడు. ఎర్రగుడ్డ మీద పనిముట్లకి దండలు ఇంకా అలాగే ఉన్నాయి. పువ్వులు వాడిపోయాయి గానీ ఒక్క స్పానరు కదల్లేదు. ఆయన మావ చేతుల వైపు చూశాడు. టర్పెంటైనుకి చర్మం పాలిపోయి, గోళ్ల కింద బూడిదరంగు ఉంది.

"నిన్నా?" అన్నాడు మళ్లీ, ఈసారి మెల్లగా. ఆయనకీ ఇంట్లో పనిముట్లు ఉండి ఉంటాయి, ఆ రోజు వాటిని ఎత్తని అలవాటు ఉండి ఉంటుంది. నేను అడగలేదు.

వలయాన్ని మళ్లీ ఒకసారి తడిమి, "ముట్టుకోని బండి కావాలనుకున్నాను. అలాంటిది ఉండదేమో" అన్నాడు. తర్వాత మావతో, "ఈ వలయానికి తుప్పు పట్టకుండా ఏదైనా పుయ్యి. రంగు మాత్రం వద్దు. ఈసారి వద్దంటే వద్దనే" అన్నాడు. మావ లోపలికి వెళ్లి తన పనిముట్లకి దణ్ణం పెట్టుకుని, దండ తీసి, కుంచె తెచ్చి, కంటికి కనపడని వార్నిషు పలచగా అద్దాడు. అన్ని రంగులు కలిపిన మనిషి ఏ రంగూ లేనిది వెయ్యడం అదే మొదటిసారి.

కాగితాలు చేతులు మారాక టీచరమ్మ కారు తలుపు మీద చెయ్యేసి నిలబడింది. "గేటు దాకా నాను పోనిస్తాను" అంది. అప్పటికే స్టీరింగు ముందు కూర్చున్న నాగపూర్ ఆయన ఒక్క క్షణం తటపటాయించి, బెంచీ సీటు మీద పక్కకి జరిగాడు. మాలిక్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మా షెడ్డు గేటు ఇరుకు, ఎడమవైపు సిమెంటు స్తంభం.

ఇంజను అందుకుంది. కారు ముందుకి ఒక గెంతు గెంతి, తర్వాత బుద్ధిగా కదిలింది. మావ పరిగెత్తుకెళ్లి స్తంభానికి వీపు ఆనించి, చేతులు చాచి నిలబడ్డాడు.

"లెగరా అక్కణ్ణించి" అని అరిచాడు మాలిక్.

"లెగను. ఈసారి రాస్తే నన్నే రాయాలి."

కారు ఎడమ మడ్‌గార్డు మెల్లగా వచ్చి, ఆకుపచ్చ మచ్చతో, మెరిసే వలయంతో, మావ పొట్టకి బెత్తెడు దూరంలోంచి జరిగిపోయింది. అది గేటు దాటాక టీచరమ్మ బ్రేకు వేసి, కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది.

"ఏవయ్యా, ఊపిరి ఇంకా బిగబట్టే ఉన్నావేటి? వదిలేయ్. నాను దాటేసేను."